పక్కా బిల్లు ఇమ్మని అడగొచ్చా? జీఎస్టీ కట్టి కొనే వ్యాపారుల ప్రశ్నలు, జవాబులు

లక్ష రూపాయల సరుకు మీద 18 శాతం జీఎస్టీ అంటే 18 వేలు. కొన్నది వ్యాపారం కోసమైతే ఆ 18 వేలను మీరు అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటే ఇదే, వాడుకలో ఐటీసీ. అది దక్కాలంటే చేతిలో సరైన ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉండాలి. బిల్లు రాకపోయినా, వచ్చిన బిల్లులో మీ జీఎస్టీ నంబరు తప్పుపడినా ఆ డబ్బుకు ఎసరు వచ్చినట్టే. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల నుంచి విజయవాడ ఆటోనగర్ షెడ్ల దాకా చిన్న వ్యాపారులు తమ ఆడిటర్లను అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, వ్యాపారం కోసం కొనేవాళ్లకు ఈ జవాబులు.

అమ్మినవాళ్లు ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చి తీరాలా, అడిగితేనే ఇస్తారా?

అడిగినా అడక్కపోయినా ఇవ్వాల్సిందే. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ చెప్పేది అదే. సరుకైతే షాపు గానీ గోదాము గానీ దాటేలోపే ఇన్‌వాయిస్ తయారవ్వాలి. రిపేరు, అద్దె, కన్సల్టెన్సీ లాంటి సేవలైతే పని అయిన 30 రోజుల్లోపు ఇవ్వొచ్చు. బ్యాంకులు, బీమా కంపెనీలకు 45 రోజుల గడువుంది. నెలనెలా స్టేట్‌మెంట్ల మీద నడిచే నిరంతర సరఫరా ఒప్పందాలకు వేరే పద్ధతి ఉంది గానీ, మామూలు అమ్మకంలో ‘సరుకు తీసుకెళ్లండి, బిల్లు నెలాఖరుకి పంపిస్తా’ అనే మాటకు చట్టంలో చోటు లేదు.

చట్టం దీన్ని అమ్మినవాడి బాధ్యతగా రాసింది. కొన్నవాడి హక్కు అని విడిగా ఒక సెక్షన్ పెట్టలేదు. బిల్లు లేకపోతే ముందు నష్టపోయేది మాత్రం కొన్నవాడే. కాబట్టి డబ్బు మీ చేతిలో ఉన్నంతసేపే మీ మాటకు బలం. సరుకు దించుకుని, డబ్బు మొత్తం కట్టేశాక బిల్లు కోసం ఫోన్లు చేస్తుంటే అవతలివాళ్లకు ఆత్రం ఏముంటుంది? కొనే ముందే జీఎస్టీ నంబరు రాసిచ్చి, ‘దీని మీద బిల్లు వేయండి, బిల్లు చూశాకే డబ్బు వేస్తాను’ అనడం అమర్యాదేమీ కాదు.

రెండొందల లోపు కొంటే బిల్లు అక్కర్లేదంటారు, నిజమేనా?

మామూలు గిరాకీకి నిజం, మీకు కాదు. 200 రూపాయల లోపు అమ్మకానికి విడిగా ఇన్‌వాయిస్ రాయకుండా, రోజు చివర అన్నీ కలిపి ఒకే బిల్లు రాసుకునే వెసులుబాటు షాపులకుంది. అయితే కొన్నవాడికి రిజిస్ట్రేషన్ ఉండకూడదు, అతను బిల్లు అడగకూడదు. రెండూ కుదిరితేనే ఆ వెసులుబాటు. మీరు నంబరు చెప్పారంటే 150 రూపాయల స్విచ్చుకైనా ఇన్‌వాయిస్ రాయాల్సిందే. దానికోసం కౌంటరు దగ్గర అరగంట వాదించడం గిట్టుబాటవుతుందా అన్నది మీరే లెక్కేసుకోండి.

సరైన బిల్లు అంటే అందులో ఏమేం ఉండాలి?

జీఎస్టీ నియమాల్లో 46వది ఈ సంగతి చెబుతుంది. అమ్మినవాళ్ల పేరు, చిరునామా, 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. మీ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉండాలి. బిల్లు నంబరు వరస తప్పకుండా, 16 అక్షరాలకు మించకుండా, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా ఉండాలి. తేదీ, సరుకు వివరం, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, డిస్కౌంటు పోను పన్ను పడే విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం విడివిడిగా కనపడాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే సరఫరా స్థలం, అంటే ఆ రాష్ట్రం పేరు రాయాలి. రివర్స్ చార్జ్, అంటే పన్ను కొన్నవాళ్లే కట్టే పద్ధతి, వర్తిస్తుందో లేదో చెప్పాలి. కింద సంతకం ఉండాలి. ఎలక్ట్రానిక్‌గా జారీ చేసిన ఇన్‌వాయిస్‌కు సంతకం లేకపోయినా పరవాలేదు.

హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లో ఎన్ని అంకెలుండాలన్నది అమ్మినవాళ్ల టర్నోవరును బట్టి ఉంటుంది. ఏడాదికి 5 కోట్ల దాకా ఉంటే 4 అంకెలు, దాటితే 6. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి.

చేత్తో రాసిన బిల్లు చెల్లదన్న భయం చాలామందికి ఉంది. ఈ-ఇన్‌వాయిస్ పరిధిలో లేని వ్యాపారి బిల్లు పుస్తకంలో బాల్ పెన్నుతో రాసిచ్చినా, పైవన్నీ ఉంటే అది నిక్షేపంలాంటి ట్యాక్స్ ఇన్‌వాయిస్. సరుకు బిల్లు మూడు ప్రతులు రాస్తారు: మొదటిది మీకు, రెండోది లారీవాళ్లకు, మూడోది వాళ్ల ఫైలుకు. మీ దగ్గర ఉండాల్సింది మొదటి ప్రతి.

ఎస్టిమేట్ చీటీ, ప్రొఫార్మా, డెలివరీ చలాన్ ఇచ్చారు. ఇవి సరిపోతాయా?

ఒక్కటీ సరిపోదు. ఎస్టిమేట్ అనే కచ్చా చీటీకి జీఎస్టీ చట్టంలో విలువే లేదు. ప్రొఫార్మా అంటే కొటేషన్‌కు కాస్త పెద్ద పేరు. డెలివరీ చలాన్ చట్టబద్ధమైన కాగితమే, కానీ జాబ్ వర్కుకు సరుకు పంపడం లాంటి పనులకు. దాని మీద క్రెడిట్ రాదు. అడ్వాన్సు తీసుకుని ఇచ్చే రసీదు వోచరూ అంతే. పని అయ్యాక ఇన్‌వాయిస్ అడిగి తీసుకోవాలి.

‘బిల్లు కావాలంటే 18 శాతం అదనం, వద్దంటే ఇదే రేటు’ అంటున్నారు. ఏం చేయాలి?

ఈ మాట వినని వ్యాపారి తెలుగునాట ఉండడేమో. బేగంబజారులోనూ వింటాం, ఊళ్లో సిమెంటు కొట్లోనూ వింటాం. ఇంటికి టైల్స్ కొనే మనిషికి అది నిజంగానే 18 శాతం తగ్గింపులా కనపడుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న మీకు ఆ తగ్గింపు ఒట్టి భ్రమ.

లెక్క చూడండి. బిల్లు లేకుండా లక్షకు కొన్నారు, ఖర్చు లక్ష. బిల్లుతో 1,18,000 కట్టారు, 18,000 క్రెడిట్‌గా వెనక్కి వచ్చింది, ఖర్చు అదే లక్ష. మిగిలిందేమీ లేదు. పోయింది మాత్రం చాలా ఉంది. బిల్లు లేని కొనుగోలును ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా నిలబెట్టుకోవడం కష్టం. ఆ సరుకును మీరు బిల్లు వేసి అమ్మితే తగ్గించుకోవడానికి క్రెడిట్ లేక మొత్తం ధర మీద పన్ను నగదుగానే కట్టాలి. వేయకుండా అమ్మితే మీరూ అదే తప్పులో ఇరుక్కున్నట్టు. సరుకు పాడైతే వారంటీ అడగడానికి కాగితం ఉండదు. దారిలో బండి ఆపితే చూపించడానికీ ఏమీ ఉండదు.

బిల్లు లేకుండా అమ్మినవాడికి 122వ సెక్షన్ కింద 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్నంత, ఏది ఎక్కువైతే అంత జరిమానా. జప్తుకు గురయ్యే సరుకని తెలిసీ కొన్నవాడికి కూడా అదే సెక్షన్‌లో 25,000 దాకా జరిమానాకు వీలుంది. ‘నేను కొన్నవాణ్నే కదా’ అన్నంత మాత్రాన బయటపడలేరు.

దీనికి తలకిందులైన వ్యవహారం ఇంకోటుంది: సరుకు లేకుండా బిల్లు మాత్రమే అమ్మడం. ‘రెండు శాతం ఇవ్వండి, మీకు కావలసినంత ఇన్‌పుట్ ఇస్తాం’ అనేవాళ్ల దరిదాపులకు పోకండి. 132వ సెక్షన్ ప్రకారం అక్రమంగా వాడుకున్న క్రెడిట్ 5 కోట్లు దాటితే ఐదేళ్ల దాకా జైలు. పాత వ్యాట్ చట్టం కింద కర్ణాటక నుంచి వచ్చిన ఇకామ్ గిల్ కాఫీ ట్రేడింగ్ కేసులో సుప్రీంకోర్టు 2023 మార్చిలో ఒక మాట తేల్చింది: బిల్లు, చెక్కు చూపించినంత మాత్రాన కొనుగోలు నిజమని రుజువు కాదు, సరుకు వచ్చిందని చూపించే బాధ్యత క్రెడిట్ అడిగినవాడిదే. బండి నంబరు, కిరాయి రసీదు, సరుకు ముట్టినట్టు సంతకం లాంటివి బిల్లుకు జతచేసి దాచుకోమని ఆడిటర్లు పోరేది అందుకే.

బిల్లులో చిన్న తప్పుంది. క్రెడిట్ మొత్తం పోయినట్టేనా?

పోదు. 36వ నియమంలో కొన్నవాళ్ల పక్షాన ఒక మంచి మాట ఉంది, చాలామందికి తెలియదు. మిగతా వివరాల్లో లోపాలున్నా, పన్ను మొత్తం, సరుకు లేదా సేవ వివరం, మొత్తం విలువ, అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, మీ నంబరు, అంతర్రాష్ట్ర అమ్మకమైతే సరఫరా స్థలం, ఇవి ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చు. చిరునామాలో వీధి పేరు తప్పుపడిందనో, హెచ్‌ఎస్‌ఎన్ వేయలేదనో ఎవరైనా అభ్యంతరం చెబితే ఈ నియమాన్ని చూపించండి.

జీఎస్టీ నంబరు తప్పితే మాత్రం ఉపేక్షించకూడదు. ఆ క్రెడిట్ ఇంకెవరి ఖాతాలోనో కనపడుతుంది, లేదా ఎక్కడా కనపడదు. అమ్మినవాళ్ల చేత రిటర్నులో సవరణ చేయించాలి, లేదా క్రెడిట్ నోటు ఇప్పించి కొత్త బిల్లు తీసుకోవాలి. మీ పాత బిల్లు మీద మీరే పెన్నుతో దిద్దడం మాత్రం చేయొద్దు.

హైదరాబాద్‌లో ఒక బ్రాంచి, విజయవాడలో ఒకటి ఉన్నాయి. ఏ నంబరు మీద బిల్లు తీసుకోవాలి?

సరుకు లేదా సేవ ఏ బ్రాంచి కోసమో ఆ నంబరు మీదే. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు పాన్. యజమాని ఒకడే, పాన్ ఒకటే అయినా చట్టం దృష్టిలో ఆ రెండు బ్రాంచీలు వేర్వేరు వ్యక్తులు. 36 మీద వచ్చిన బిల్లుకు 37 ఖాతాలో క్రెడిట్ తీసుకోలేరు. కౌంటరులో ఉన్న కుర్రాడు కంపెనీ పేరు కొట్టగానే కంప్యూటర్ చూపించిన మొదటి నంబరు ఎంచుకుంటాడు. ఈ తప్పు తరచూ జరుగుతుంది.

హోటల్ బిల్లుల్లో ఇంకో చిక్కుంది, ఇక్కడ బిల్లు తప్పు కూడా కాదు. విజయవాడ సంస్థ ఉద్యోగి హైదరాబాద్‌లో గది తీసుకుని కంపెనీ నంబరు ఇచ్చాడనుకోండి. హోటల్ గదికి సరఫరా స్థలం ఆ భవనం ఉన్న చోటే. కాబట్టి కేంద్ర జీఎస్టీ, తెలంగాణ జీఎస్టీ పడతాయి. ఆంధ్రలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఆ క్రెడిట్ దక్కదు. హోటల్‌వాళ్లతో గొడవపడి లాభం లేదు, వాళ్లు రాసింది సరైనదే.

ఈ-ఇన్‌వాయిస్ అంటే ఏమిటి? నాకు వచ్చింది అదేనో కాదో ఎలా తెలుస్తుంది?

ఏడాది టర్నోవరు 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా 5 కోట్లు దాటిన వ్యాపారులు, ఇతర వ్యాపారులకు వేసే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. నమోదు కాగానే ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల గుర్తింపు, క్యూఆర్ కోడ్ వస్తాయి. 2020 అక్టోబరులో 500 కోట్ల వాళ్లతో మొదలై, 2023 ఆగస్టు 1కి ఈ పరిమితి 5 కోట్లకు దిగింది. బ్యాంకులు, బీమా కంపెనీలు, లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థలు, మరికొన్నిటికి మినహాయింపు ఉంది.

మీకు దీంతో ఏం పని అంటారా? ఈ పరిధిలో ఉన్నవాళ్లు ఐఆర్‌ఎన్ లేకుండా ఇచ్చిన కాగితం అసలు ఇన్‌వాయిసే కాదని 48వ నియమం ఐదో ఉపనియమం అంటోంది. ఎంత అందంగా అచ్చేసి ఇచ్చినా సరే. పెద్ద డీలరు దగ్గర కొంటే క్యూఆర్ కోడ్ ఉందో లేదో చూసుకోండి. దాన్ని సరిచూసే యాప్ ఉంది. మీకు అమ్మే సంస్థ ఈ పరిధిలో ఉందో లేదో ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో దాని నంబరు కొట్టి చూడొచ్చు.

బిల్లు చేతిలో ఉంది, జీఎస్టీఆర్-2బీలో మాత్రం కనపడట్లేదు. క్రెడిట్ తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. చిన్న వ్యాపారులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. 2022 జనవరి 1 నుంచి బిల్లు ఒక్కటే చాలదు. అమ్మినవాళ్లు దాన్ని తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపించాలి, అక్కణ్నుంచి అది మీకు రాగల క్రెడిట్‌ను చూపించే స్టేట్‌మెంటు జీఎస్టీఆర్-2బీలోకి రావాలి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు 11వ తేదీలోపు వేస్తారు, 14న మీ 2బీ తయారవుతుంది.

కనపడలేదంటే వెంటనే అనుమానించక్కర్లేదు. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిని ఎంచుకుని ఉండొచ్చు. అలాంటివాళ్లకు మొదటి రెండు నెలల బిల్లులను 13వ తేదీలోపు విడిగా ఎక్కించే సదుపాయం ఉంది, కానీ తప్పనిసరి కాదు. ‘మా బిల్లు ఆ సదుపాయంలో ఎక్కించండి’ అని అడిగితే చాలామంది కాదనరు. వాళ్లు మీ బిల్లును రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అమ్మినట్టు చూపించారేమో కూడా కనుక్కోండి. బిల్లు మీద మీ నంబరు ఉండి, రిటర్నులో లేకపోవడం మామూలే.

2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చింది. మీ పేరిట ఎక్కిన ప్రతి బిల్లునూ అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగులో పెట్టొచ్చు. మీరు కొనని సరుకుకు ఎవరో మీ నంబరు మీద బిల్లు వేస్తే తిరస్కరించే దారి ఇదే.

మన దగ్గర పన్ను వసూలు చేసి, వాళ్లు ప్రభుత్వానికి కట్టకపోతే?

నిజాయితీగా కొన్నవాడికి అన్యాయం చేసే నిబంధన ఇదని నా అభిప్రాయం. 16వ సెక్షన్ ప్రకారం ఆ పన్ను ప్రభుత్వానికి చేరితేనే మీ క్రెడిట్ నిలుస్తుంది. అవతలివాడు ఖజానాకు కట్టాడో లేదో చూసే అధికారం మీకు లేదు, కట్టకపోతే నోటీసు మాత్రం మీకొస్తుంది. దీని మీద హైకోర్టుల్లో వ్యాజ్యాలు బోలెడు నడిచాయి. ముందు అమ్మినవాడి మీద చర్య తీసుకోకుండా కొన్నవాడి మీద పడటం సరికాదని 2021లో మద్రాసు హైకోర్టు డీవై బీథెల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో చెప్పింది. అన్ని తీర్పులూ అదే దారిలో లేవు, దాని మీద ధీమాగా కూర్చోవద్దు.

37ఏ నియమం కొంత ఊరట. బిల్లును రిటర్నులో చూపించి, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 దాకా కూడా అమ్మినవాళ్లు పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ వేయకపోతే, మీరు నవంబరు 30లోపు ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి. తర్వాత వాళ్లు 3బీ వేస్తే మళ్లీ తీసుకోవచ్చు. కొత్తవాళ్ల దగ్గర పెద్ద మొత్తంలో కొనే ముందు జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నంబరు కొట్టండి. రిజిస్ట్రేషన్ బతికుందో లేదో, రిటర్నులు ఏ నెల దాకా వేశారో లాగిన్ లేకుండానే కనపడుతుంది. పన్ను మొత్తాన్ని బిల్లు 2బీలో కనపడ్డాకే చెల్లిస్తామని కొనుగోలు ఆర్డరులోనే రాసుకునే సంస్థలున్నాయి, మీరూ రాసుకోవచ్చు. మొత్తం బిల్లు డబ్బు 180 రోజుల్లో కట్టకపోతే క్రెడిట్ వడ్డీతో వెనక్కివ్వాలన్నది కూడా మరవొద్దు.

షాపాయన ‘మాకు జీఎస్టీ లేదు’ అన్నాడు. బలవంతపెట్టవచ్చా?

లేదు. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను వసూలు చేయకూడదు, చేస్తే తప్పు. టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. అందులో పన్ను విడిగా చూపించకూడదు, మీకు క్రెడిట్ ఉండదు. తాము పన్ను వసూలు చేయడానికి అర్హులం కామని వాళ్లు బిల్లు పైనే రాయాలి.

బంకులో డీజిల్ కొట్టించిన బిల్లుకు?

పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు. వాటి మీద పాత వ్యాటే నడుస్తోంది. మీ నంబరు రాయించుకున్నా జీఎస్టీ క్రెడిట్ రాదు. ఖర్చు లెక్కకు బిల్లు దాచుకోండి, అంతే.

ఎంత అడిగినా బిల్లు ఇవ్వట్లేదు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ముందు రాతపూర్వకంగా అడగండి. ఈమెయిలో, వాట్సాపో సరిపోతుంది. తేదీ, మొత్తం, మీ నంబరు అందులో ఉండాలి. బ్యాంకు ద్వారా డబ్బు పంపిన ఆధారం జతచేయండి. స్పందన లేకపోతే అమ్మినవాళ్లు ఏ సర్కిల్ పరిధిలో ఉన్నారో పోర్టల్‌లో చూసి, ఆ రాష్ట్ర వాణిజ్య పన్నుల అధికారికి, లేదా కేంద్ర జీఎస్టీ కార్యాలయానికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఒకటి ముందే తెలుసుకోండి. అధికారి జరిమానా వేస్తే అది ఖజానాకు పోతుంది, మీ నష్టం పూడదు. ఆ నష్టానికి సివిల్ దావాయో, ఒప్పందంలో రాసుకున్న షరతో దిక్కు.

వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే, బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది గానీ, వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను వినియోగదారులుగా లెక్కించదు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేవాళ్లకు, అంటే సొంతంగా కుట్టుకునే టైలరు లాంటివాళ్లకు, ఇందులో మినహాయింపు ఉంది, వాళ్లు వెళ్లొచ్చు.

పాత బిల్లు ఆలస్యంగా వచ్చింది. ఎప్పటి దాకా వాడుకోవచ్చు, ఎన్నాళ్లు దాచాలి?

2025-26 బిల్లయితే 2026 నవంబరు 30, లేదా మీరు వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఏది ముందైతే అది గడువు. అది దాటితే ఎంత పక్కా బిల్లయినా క్రెడిట్ లేదు. అందుకే అక్టోబరులోనే పుస్తకాలనూ 2బీనీ పోల్చి చూసి, రాని బిల్లుల జాబితా అమ్మినవాళ్లకు పంపండి. నవంబరు చివరి వారంలో పంపితే వాళ్ల ఆడిటరు కూడా దొరకడు.

దాచడం మాత్రం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. 2025-26 వార్షిక రిటర్ను గడువు 2026 డిసెంబరు 31 అనుకుంటే, 2032 డిసెంబరు 31 దాకా. అప్పీలో విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం దాచాలి. థర్మల్ కాగితం మీద అచ్చయిన బిల్లులు అంతకాలం నిలవవు, అక్షరాలు చెరిగిపోతాయి. వచ్చిన రోజే స్కాన్ చేసి, ఒక జిరాక్సు తీసి ఫైలులో పెట్టండి.